బొమ్మల్లో ‘వాల్యూ’ని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఆదివారాలు మా అపార్ట్‌మెంట్‌లో పిల్లలకి ఆయిల్ పెయింటింగ్ నేర్పుతుంటాను. 8 × 10 అంగుళాల బోర్డు మీద ఒక్క మనిషి బొమ్మ. ఈసారి గడప పక్కన కూర్చుని చేటలో బియ్యం ఏరుకుంటున్న అమ్మమ్మ. రంగులు ముట్టుకోకముందు అగ్గిపెట్టెంత గడుల్లో పెన్సిల్‌తో నాలుగైదు చిన్న స్కెచ్‌లు వేయిస్తాను. వాటిలో కళ్ళూ ముక్కూ ఉండవు. మూడే మెట్లు: నలుపు, బూడిద, కాగితం తెలుపు. గది లోపలి చీకటి నలుపు. గోడ, చీర బూడిద. వాకిట్లోంచి ఎండ పడుతున్న చేట, చేతులు తెలుపు. ఎక్కడ ఎంత నలుపో, ఎంత తెలుపో చూపే వీటిని ఇంగ్లీషులో వాల్యూ స్కెచ్‌లు అంటారు. బోర్డు మీద ‘విలువల స్కెచ్’ అని రాశాను. ఒక బుడతడు లేచి, “అంటే ఎంతకి అమ్మచ్చో లెక్కేసుకోవడమా సార్?” అన్నాడు. తుడిచేశాను. ఆ ఖాళీలో ఏం రాయమంటారు?

సమాధానం:
వెలుగునీడలు. బంగారం లాంటి మాట ఉండగా ఇంకా వెతుకులాట ఎందుకండీ?

అడిగినవారు:
నేనూ మొదట అదే రాశానండి. అమ్మమ్మది తెల్లజుట్టు, తల నీడలో ఉంది. గడప అవతల నల్లపిల్లి ఎండలో పడుకుంది. కళ్ళు చికిలించి చూస్తే తలా పిల్లీ ఇంచుమించు ఒకే బూడిద. కానీ ‘వెలుగునీడలు’ అనేసరికి పిల్లి ఎండలో ఉంది కదా అని సగంమంది దాన్ని తెల్లగా వదిలేశారు. వెలుగు ఎక్కడ పడుతోందన్నది ఒక సంగతి, చివరికి కంటికి ఎంత నలుపుగా కనిపిస్తోందన్నది ఇంకొకటి.

సమాధానం:
వర్తన, అంటే బొమ్మకి నీడలు దిద్దడం. విష్ణుధర్మోత్తర పురాణంలో బొమ్మలు వేయడం గురించి చెప్పే చిత్రసూత్రం మాట. “రేఖాం ప్రశంసంత్యాచార్యా వర్తనాం చ విచక్షణాః”. ఆచార్యులు గీతని మెచ్చుకుంటారు, తెలిసినవాళ్ళు వర్తనని మెచ్చుకుంటారు. మూడో పాదం ఆడవాళ్ళ మీద ఒక విసురు, వదిలేద్దాం. నాలుగో పాదంలో మిగతా జనానికి బోలెడు రంగులుంటే చాలంటాడు. అందులోనే వర్తన మూడు రకాలని చెప్పి, చుక్కలతో వేసేదాన్ని బిందువర్తన అన్నాడు.

అడిగినవారు:
మాస్టారూ, శ్లోకం ఎంత బాగుందో! గోడ మీద రాయిస్తాను. కానీ వర్తన అంటే మా పిల్లలకి ప్రోగ్రెస్ కార్డులో ‘ప్రవర్తన’ గడి గుర్తొస్తుంది. పైగా అది నీడ తేల్చి గుండ్రదనం తెప్పించే పని. నేను వేయించేది అంతకన్నా మొరటుది, మూడు మెట్ల చదును మరకలు.

సమాధానం:
వన్నె ఎలా ఉంటుంది? మా తాతగారిది కంసాలి కొట్టు. గీటురాయి మీద గీసి ఎన్ని వన్నెలో చెప్పేవారు, పదారువన్నె అంటే మేలిమి. మెట్లు ఉన్నాయి, కంటితో చూసి తేల్చడమూ ఉంది. విలువ కూడా అందులోనే వచ్చేసింది!

ఇంకో సమాధానం:
అందమైన మాటే గానీ వన్నె అనగానే నాకు రంగే తడుతుంది, వర్ణం నుంచి వచ్చింది కదా. నా ఓటు ముదురు-లేతకి. బట్టల కొట్లో “ఇదే రంగులో కాస్త లేతది చూపించు బాబూ” అంటే వాడు తడుముకోకుండా తీస్తాడు. బొమ్మలో నలుపుతెలుపుల అమరికకి జపాన్ వాళ్ళు వాడే ‘నోటన్’ కూడా ఇంతే, ఆ రెండు అక్షరాలకీ అర్థం చిక్కన, పల్చన అని, చారుకి చెప్పినట్టు. అమెరికాలో ఆర్థర్ వెస్లీ డౌ అనే చిత్రకళ మాస్టారు 1899లో తెచ్చిన పుస్తకంలో బొమ్మ కూర్పు నేర్పడానికి ఆ మాటనే వాడుకున్నాడు. వాళ్ళకి చారు భాష పనికొచ్చినప్పుడు మనకెందుకు పనికిరాదు?

అడిగినవారు:
చారు భాష! మూడు రోజులు ఇదే వాడాను తమ్ముడూ, దాదాపు గెలిచావు. పసుపు దగ్గర చిక్కొచ్చింది. ముదురు పసుపు చామంతి, లేత నీలం గిన్నె పక్కపక్కన పెట్టి ఏది ముదురని అడిగితే అందరూ చామంతి అన్నారు. ఫోన్‌లో నలుపు-తెలుపు ఫోటో తీస్తే రెండూ దగ్గరదగ్గరగా వచ్చాయి. మన ‘ముదురు’ రెండు పనులు చేస్తోంది: రంగు గాఢంగా ఉన్నా ముదురే, నల్లబడినా ముదురే. అమెరికా చిత్రకారుడు ఆల్బర్ట్ మన్సెల్ 1905లో రంగుని మూడు కొలతలుగా విడదీసింది ఈ తికమక పోవడానికే: రంగు పేరు ఒకటి, నలుపు నుంచి తెలుపు దాకా ఏ మెట్టు మీద ఉందన్నది ఒకటి, గాఢత ఒకటి. ఆ నడిమిదే మనకి కావలసింది.

ఈ తేడా తెలియక నేనే ఒక బొమ్మ పాడుచేసుకున్నాను. ఆకుపచ్చ తలుపు ముందు ఎర్రచీర. రంగుల్లో భగ్గుమంటోంది కదా అని స్కెచ్ వేయకుండా దిగిపోయాను. రెండు వారాలయ్యాక ఫోటో తీసి రంగు తీసేస్తే తలుపూ చీరా ఒకే బూడిద ముద్ద, మధ్యలో తల ఒక్కటి తేలుతోంది. తలుపుని మళ్ళీ నల్లగా దించడానికి ఇంకో వారం. అగ్గిపెట్టెంత గడిలో అయితే రెండు నిమిషాల్లో తెలిసేది.

సమాధానం:
అయితే అన్నా, కొత్త పేరెందుకు? ‘నలుపు పాలు’ అను. పాలు అంటే వాటా. “ఇందులో నలుపు పాలు ఎంత?” అని అడిగితే రంగు, గాఢత రెండూ అడ్డురావు.

అడిగినవారు:
పట్టేశావ్! పిల్లి నలుపు పాలు ఎంత, చామంతి నలుపు పాలు ఎంత... అన్నిటికీ సరిపోతోంది. రేపే బోర్డెక్కిస్తాను.

అడిగినవారు (మర్నాడు):
బోర్డు మీద ‘నలుపు పాలు’ అని రాశాను. అదే బుడతడు. “నల్లావు పాలా సార్?”