పింజర కరిచాక రక్తం తీసి 20 నిమిషాలు ఊరికే పెట్టారు, ఎందుకు?

కోవూరు కుర్రోడు:
మొన్న పొద్దున కయ్యకి నీళ్లు కడుతుంటే గెనెం మీద మా నాయన పాదానికి పాము కరిచింది. రక్తపింజరే, నా కళ్లతో చూశా. మోకాలి కింద తువ్వాలు బిగించి ఆటోలో నెల్లూరు తీసుకెళ్తే, అక్కడ చేతి నుంచి కాస్త రక్తం తీసి గాజు గొట్టంలో పోసి, బల్ల మీద నిలబెట్టి, 'ఎవరూ కదిలించొద్దు' అని నర్సమ్మ వెళ్లిపోయింది. 20 నిమిషాలు! మా అమ్మ ఏడుపు, నాకు టెన్షన్. తర్వాత వంచి చూస్తే రక్తం నీళ్లలా జారింది, అప్పుడు మొదలుపెట్టారు మందు. పాము పేరు చెప్పినా ఇంత ఆలస్యమా?

ల్యాబ్ మనిషి, ఒంగోలు:
తమ్ముడూ, మందు పెట్టించింది ఆ గొట్టమే. పింజర విషం రక్తాన్ని పలచన చేస్తుందంటారు గానీ జరిగేది వేరు, ముందు ఒంట్లో ఎక్కడికక్కడ సన్నగా గడ్డలు కట్టించి, గడ్డకట్టడానికి కావాల్సిన సరుకంతా ఖర్చు చేసేస్తుంది, ఆపైన చిగుళ్లలోంచీ మూత్రంలోనూ రక్తమే. 2 ఎంఎల్ రక్తం పొడి గాజు గొట్టంలో 20 నిమిషాల్లో గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టు. ప్లాస్టిక్ గొట్టం పనికిరాదు. కాటు పడ్డ ప్రతిసారీ విషం దిగదు, ఆ మందేమో గుర్రం రక్తం నుంచి చేసేది, కొందరికి దద్దుర్లొచ్చి బీపీ పడిపోతుంది. ఊరికే ఎక్కించరు. తువ్వాలు మాత్రం తప్పు, పింజర కాటుకి బిగించి కడితే కాలే పోవచ్చు.

పొదిలి బాబాయ్:
కట్లపాముకి ఆ గొట్టం పరీక్ష ఏమీ చెప్పదు. మా బావమరిది పొగాకు బ్యారన్ దగ్గర నేల మీద పడుకుని తెల్లారుజామున కడుపునొప్పి అని లేచాడు, గ్యాస్ అనుకుని సోడా తాగించాం. కాటు గుర్తు లేదు, వాపు లేదు. ఎండెక్కేసరికి రెప్పలు లేవక తల వెనక్కి వాల్చి మమ్మల్ని చూస్తున్నాడు, మాట ముద్దగా వస్తోంది. ఆ విషం నరం నుంచి కండకి కబురు పోనివ్వదంట. నరం కొస పాడయ్యాక మందు కూడా బాగుచెయ్యలేదు, అది మళ్లీ పుంజుకునేదాకా మిషన్‌తో ఊపిరి ఆడించాల్సిందే. 5 రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు.

రిటైర్డ్ మాస్టారు, కావలి:
పింజరని గుర్తుపట్టావు, మంచిదే. ఒంటి మీద గొలుసులా మచ్చలుంటాయి, 1796లో రస్సెల్ దొర మన తీరం పాముల గురించి రాస్తూ 'కాటుక రేకుల పొడ' అన్నది దీన్నే. కానీ పామును వెతుక్కుంటూ కూర్చోవద్దు బాబూ, నాగుపాము, కట్లపాము, రెండు పింజరలు, నాలుగింటికీ మందు ఒకటే.

కోవూరు కుర్రోడు:
తువ్వాలు కట్టింది నేనే అన్నా. ఇంకోటి, నాయన నిన్న సాయంత్రం నుంచి ఒక్కసారే మూత్రానికి వెళ్లాడు, నీళ్లు సరిగా తాగలేదులే అనుకున్నాం.

ల్యాబ్ మనిషి, ఒంగోలు:
పింజర విషం కిడ్నీల మీద పడుతుంది. ఫోన్ పక్కన పెట్టి ఇప్పుడే డ్యూటీ డాక్టర్‌కి చెప్పు.