హార్డ్‌వేర్ కొట్టు నుంచి తలుపుల డిస్ట్రిబ్యూటరుగా ఎదిగినవారు కాస్త చెప్పండి

తిరుపతిలో మాది నాన్నగారి కాలం నాటి హార్డ్‌వేర్ కొట్టు. అలీగఢ్ తాళాలు, రాజ్‌కోట్ ఇత్తడి బందులు, గడియలు, మేకులు అమ్ముతాం. ఇల్లు కట్టుకునేవారే మా ఖాతాదారులు. ఇప్పుడు లాడ్జీలు, ఆసుపత్రులు కట్టేవారు వస్తున్నారు. వారి బేరమే వేరు. భారతీయ ప్రమాణం (ఐఎస్) 2202 ముద్ర ఉన్న ఫ్లష్ తలుపులు (చదునైన చెక్క తలుపులు), మెట్ల దగ్గరకు ఐఎస్ 3614 ప్రకారం పరీక్షించిన అగ్నినిరోధక తలుపులు, వాటిని వాటంతటవే మూసుకునేలా చేసే క్లోజర్లు, అన్నీ ఒకేచోట కావాలంటారు.

సరుకు తెప్పించగలం. ఏ తలుపు ఎటు తెరుచుకోవాలో ముందే రాసుకోవాలి, లేకపోతే తాళం గాడి తప్పువైపు పడి ఆ తలుపు గోదాములోనే ఉండిపోతుంది. అసలు తలనొప్పి డబ్బు. కంపెనీ ముందే కట్టమంటుంది, కాంట్రాక్టరేమో బిల్లు పాసయ్యాక చూద్దామంటాడు. 2021 జులైలో వ్యాపారులకూ ఉద్యమ్ నమోదు (చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఇచ్చారు గానీ అది బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాల వరకే. చిన్న సంస్థల దగ్గర కొన్నవారు 45 రోజుల్లో బకాయి తీర్చాలన్న నిబంధన రక్షణ మనకు లేదు. నాన్నగారికైతే అరువంటేనే గిట్టదు, కొట్లో ‘అరువు రేపు’ బోర్డు ఇంకా వేలాడుతోంది.

ఈ దారిలో ఎదిగినవారు మొదట ఒకే కంపెనీ ఏజెన్సీ తీసుకున్నారా, నాలుగైదు కలిపి అమ్మారా? అడ్వాన్సు ఎంత శాతం పట్టుబట్టారు? తలుపులు బిగించే వడ్రంగులను జీతానికి పెట్టుకున్నారా? చిత్తూరు, మదనపల్లె వైపు చేసినవారు ఉంటే రవాణా ఖర్చు ఎవరు భరిస్తారో కూడా చెప్పండి.