ఒకే రోజులో కమకుర బుద్ధుడు, యోకొహామా కప్ నూడుల్స్ మ్యూజియం: ఏది ముందు?

ప్రశ్న: అమ్మానాన్నలు టోక్యో వస్తున్నారు. ఈ రెండూ ఒకే రోజు చూపించాలని ఉంది. నాన్నకు మోకాళ్ల నొప్పులు, ఇద్దరూ శాకాహారులు. ఎలా వేసుకోవాలి?

జవాబు 1: బుద్ధుడే ముందండీ. ఆ పెద్ద కంచు విగ్రహం ఉన్న గుడి (కోతొకుఇన్) పొద్దున 8కి తెరుస్తారు, మ్యూజియం 10కి. కమకురలో ఎనొడెన్ చిన్న రైలెక్కితే మూడో స్టేషను హాసె, అక్కణ్ణుంచి పది నిమిషాల నడక. సెలవు రోజుల్లో పది దాటితే ఆ రైల్లో కాలు పెట్టే చోటుండదు. తిరిగి కమకుర స్టేషనుకొచ్చి జేఆర్ (జపాన్ రైల్వే) యోకొసుక లైన్‌లో 25 నిమిషాలకు యోకొహామా, అక్కడ మ్యూజియానికి మినతొమిరాయ్ లైన్ రైలుకు మారాలి.

మంగళవారం మాత్రం వద్దు, మ్యూజియానికి సెలవు. ప్రవేశం 500 యెన్లు. అక్కడ మనకు నచ్చినట్టు సొంత నూడుల్స్ కప్పు తయారు చేసుకోవాలంటే కప్పుకు మరో 500, దానికి టైము వేసిన టికెట్ వేరే. ప్రవేశ టికెట్‌తో అదీ వస్తుందనుకుని చాలామంది ఖాళీ చేతులతో తిరిగొస్తారు. మధ్యాహ్నం రెండు తర్వాతి టైము ముందే తీసుకోండి.

జవాబు 2: మోకాళ్ల సంగతి: విగ్రహం చుట్టూ నేల చదునే. 50 యెన్లిస్తే విగ్రహం లోపలికీ వెళ్లొచ్చు కానీ మెట్లు ఇరుకు, చీకటి. ఎండాకాలం కంచు కాగి ఉక్కపోత. నాన్నగారిని బయటే కూర్చోబెట్టి మీరు మాత్రం తప్పకుండా వెళ్లండి. ఈ అమితాభ బుద్ధుడు పీఠం కాకుండా 11.3 మీటర్లు, 121 టన్నులు. ఒక్క పోతలో పోసింది కాదు, వరస మీద వరస పోసుకుంటూ పైకి వెళ్లారు. ఆ అతుకులు లోపల గోడ మీద గళ్లుగళ్లుగా కనిపిస్తాయి. బయటికొచ్చాక కుడి చెంప చూడండి, పాత బంగారు రేకు ఇంకా అంటుకుని ఉంది. పక్కనున్న హాసెదెర గుడి మెట్ల దారి, ఈసారికి వదిలేయండి.

జవాబు 3: శాకాహారులకు గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. మ్యూజియంలో మన కప్పుకు ఎంచుకునే నాలుగు సూపుల్లో ఏదీ శాకాహారం కాదు. పైన వేసే ముక్కలు కూరగాయలే ఎంచుకున్నా సూపు పొడిలో మాంసపు సారం ఉంటుంది. కాబట్టి పెద్దవాళ్లు కప్పు మీద బొమ్మలేసి, తయారీ చూసి సంతోషపడొచ్చు; తినేది మీరే. మధ్యాహ్నానికి పులిహోరో చపాతీలో కట్టుకెళ్లండి.

తయారీలో చూడాల్సిన ఘట్టం కప్పు బోర్లించడం. నూడుల్స్ ముద్దను పైనుంచి వేస్తే పక్కకు ఒరిగిపోతుంది. అందుకని ముద్ద మీద కప్పు బోర్లించి, పిడి తిప్పి మొత్తాన్ని తిరగేస్తారు. ముద్ద కప్పు అడుగు కంటే వెడల్పు, అందుకే మధ్యలోనే బిగుసుకుని నిలబడుతుంది. కింద ఖాళీలో వేడినీళ్లు చేరి నూడుల్స్ సమంగా ఉడుకుతాయి. 1971లో వచ్చిన మొదటి కప్పు నుంచీ ఇదే కిటుకు.

చివర్లో కప్పు పెట్టుకోవడానికి ఇచ్చే, గాలి ఊదే సంచిని విమానంలో తీసుకెళ్లేటట్టయితే నిండా ఊదకండి, పైకెళ్లాక ఉబ్బుతుంది. అసలు కప్పును జపాన్‌లోనే తినేయడం మంచిది: మాంసం కలిసిన సరుకును కస్టమ్స్‌లో ఆపేయొచ్చు, పైగా దాని గడువు నెల రోజులే.