బల్బు మార్చినా బండి బ్రేక్ లైటు వెలగట్లేదు, ఏం చూడాలి?

పాలబండి_గుడివాడ

నమస్కారం అండి. నాది 2013 మోడల్ వంద సీసీ బండి. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకి, వెనక చెరో పక్క 20 లీటర్ల పాల క్యాన్ తగిలించుకుని మా ఊరి నుంచి గుడివాడ వెళ్తాను.

మొన్న సోమవారం మంచు బాగా పట్టింది. బంటుమిల్లి రోడ్డు మీద గేదె అడ్డం వస్తే బ్రేకు వేశాను. వెనక వస్తున్న మినీ లారీ కీచుమని ఆగింది. నా క్యాన్‌కీ దాని బంపర్‌కీ మధ్య జానెడు కూడా లేదు. డ్రైవరు దిగొచ్చి తిట్టలేదండి. "బాబాయ్, నీ బండికి బ్రేక్ లైటు రావట్లేదు, ఈ రోజే చూపించుకో" అన్నాడు. అతని చేతులు వణుకుతున్నాయి. నావీ అంతే.

ఆ రోజే కొత్త బల్బు వేయించాను. మెకానిక్ మీటరు పెట్టి 12 వోల్టులు వస్తోందన్నాడు, లైటు వెలిగించి చూపించాడు కూడా. మర్నాడు పొద్దున వెనక వచ్చిన మా ఊరి కుర్రాడు మళ్లీ రావట్లేదన్నాడు. ఇంటికొచ్చి మా అమ్మాయిని వెనక నిలబెట్టి చూస్తే వెలిగింది! హారన్, ఇండికేటర్లు బాగానే ఉన్నాయి. ఇంజన్ ఆన్‌లో ఉంటే టెయిల్ లైటు వస్తుంది. వెనకది నాకు కనపడదు కాబట్టి ఎప్పుడు వెలుగుతోందో, ఎప్పుడు లేదో తెలియక బ్రేకు మీద కాలు వేయాలంటేనే టెన్షన్‌గా ఉంది.

నల్గొండ_రైడర్

అన్నా, వెనక బ్రేకు ఈ మధ్య టైట్ చేయించావా? చేయిస్తే పెడల్ ఎంత తొక్కితే బ్రేకు పడుతుందో అది మారుతుంది, దాని స్విచ్ కూడా సెట్ చేయాలి. కుడి పక్క పెడల్ పైన చిన్న స్ప్రింగ్ లాగే స్విచ్ ఉంటుంది చూడు. దాని ఒళ్లు కదలకుండా పట్టుకొని నట్టు మాత్రమే తిప్పాలి. స్విచ్‌నే తిప్పితే వైర్లు మెలిపడి తెగుతాయి. వానాకాలం బురదకి ఆ స్ప్రింగ్ తుప్పు పట్టి ఊడిపోవడం కూడా మామూలే.

వైరింగ్_బాబాయ్_బెజవాడ

నేను 22 ఏళ్లుగా బండ్ల వైరింగ్ పనే చేస్తున్నాను. ముందు ఒక్కటి చెప్పండి. వెలగనప్పుడు ముందు లివర్ నొక్కినా, కాలి పెడల్ నొక్కినా రెండిటికీ వెలగట్లేదా?

రెండిటికీ రాకపోతే స్విచ్‌ల జోలికి వెళ్లొద్దు. రెండు స్విచ్‌లు ఒకేసారి పోవడం చాలా అరుదు. వాటి తర్వాత రెండు వైర్లూ కలిసి ఒకే వైరుగా వెనక్కి వెళ్తాయి. ఆ వైరు, బల్బు హోల్డర్, ఎర్త్ (బల్బు నుంచి కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి), ఈ మూడే అనుమానం. టెయిల్ లైటు వెలుగుతోంది కాబట్టి ఎర్త్ బాగుందనుకోకండి. ఆ బల్బులో వెలిగే తీగలు రెండుంటాయి, టెయిల్ తీగ 5 వాట్లు, బ్రేక్ తీగ 21 వాట్లు. చిన్నదానికి అర ఆంపియరు కూడా అక్కర్లేదు, పెద్దదానికి ఆంపియరున్నర పైనే కావాలి. తుప్పు పట్టిన ఎర్త్ చిన్నదాన్ని వెలిగిస్తుంది, పెద్దదాన్ని వెలిగించలేదు.

మీటరు 12 చూపించిందన్న మాట కూడా పట్టించుకోకండి. వైరు లోపల ఇరవై పోగులు తెగి ఒక్కటి మిగిలినా మీటరు 12 చూపిస్తుంది. 21 వాట్ల బల్బుకి రెండు వైర్లు కట్టి, మీటరు పెట్టిన చోటే పెట్టి చూడండి, నిజం బయటపడుతుంది.

ఇంకో మాట. మీరు చెప్పినదాన్ని బట్టి ఇంటి దగ్గర వెలుగుతోంది, రోడ్డు మీద వెలగట్లేదు. ఇంటి దగ్గర చూసినప్పుడు క్యాన్లు తగిలించి ఉన్నాయా?

పాలబండి_గుడివాడ

బాబాయ్ గారూ, క్యాన్లు లేవు! ఈ సంగతి నాకు తట్టనే లేదు. ఇప్పుడే రెండు క్యాన్లలో నీళ్లు నింపి తగిలించాను. అమ్మాయి వెనక నిలబడింది. లివర్ నొక్కాను, లేదు. పెడల్ తొక్కాను, లేదు. ఎడమ క్యాన్ దించగానే వెలిగిందని అరిచింది. మళ్లీ పెడితే ఆరిపోయింది. ఐదారు సార్లు చేశాం.

వైరింగ్_బాబాయ్_బెజవాడ

దొరికింది. క్యాన్ల స్టాండు ఫ్రేముకి బిగించిన చోట, ఎడమ పక్క, సీటు కింద చూడండి. మడ్‌గార్డుకీ క్లాంపుకీ మధ్య వైర్ల కట్ట నలిగి ఉంటుంది. పైతొడుగు బాగానే కనపడుతుంది, లోపల రాగి తెగి ఉంటుంది. వైరుని వేళ్లతో అంగుళం అంగుళం మెల్లగా వంచుతూ రండి. తెగిన చోట మెత్తగా, తాడులా వంగుతుంది.

మెలిపెట్టి టేపు చుట్టి వదిలేయకండి. ఆ ముక్క కోసేసి కొత్త వైరు కలిపి టంకం పెట్టించి, స్లీవ్ తొడిగించండి. కాస్త వదులుగా వదిలి, క్లాంపుకి దూరంగా ఫ్రేము లోపలి నుంచి తీసుకెళ్లండి. అదృష్టం బాగుండి తొడుగు చిరగలేదు. చిరిగి రాగి ఫ్రేముకి తగిలి ఉంటే బ్రేకు వేసిన ప్రతిసారీ ఫ్యూజు పోయేది, దాంతో హారన్ కూడా మూగబోయేది.

పాలబండి_గుడివాడ

అక్షరాలా మీరు చెప్పినట్టే ఉందండి. క్లాంపు కింద పచ్చ మీద పసుపు గీత ఉన్న వైరు, రెండు వేళ్ల వెడల్పున మెత్తగా ఊగుతోంది. కోసి చూస్తే లోపల రాగి నల్లబడి పొడిలా రాలింది. క్యాన్ల స్టాండు బిగించిన రోజే నలిగి ఉంటుంది. టంకం పెట్టించాను, హోల్డర్ ఎర్త్ దగ్గర గరుకు కాగితంతో రుద్దించాను. స్టాండు బిగించే చోట పాత ట్యూబు ముక్క కూడా వేశాను.

పూర్తి లోడుతో అమ్మాయి చూసింది. లివర్‌కీ వెలిగింది, పెడల్‌కీ వెలిగింది. ఈ రోజు నుంచి క్యాన్లు తగిలించాకే, గోడకి వెనక్కి పెట్టి బ్రేకు నొక్కి చూసుకుంటున్నాను. చీకట్లో గోడ ఎర్రబడితేనే బండి కదులుతుంది. ఆ లారీ అబ్బాయి రోజూ అదే రోడ్డులో వస్తాడు, కనపడితే ఆపి చెప్తాను.