ఏప్రిల్ నెలాఖరులో స్లీవ్ ఆపరేషన్: ఇంట్లో ఏమేం సర్దుకోవాలి?

మిర్యాలగూడ టీచర్:

అందరికీ నమస్కారం. నాకు 39 ఏళ్లు. ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 108 కిలోలు, బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) 44 దగ్గర ఉంది. ఏడేళ్లుగా షుగర్, దానికి తోడు నిద్రలో ఊపిరి ఆగే జబ్బు. హైదరాబాద్‌లో పరీక్షలన్నీ చేసి బరువు తగ్గించే స్లీవ్ ఆపరేషన్ ఖాయం చేశారు. పొట్టలో ముప్పావు వంతుకు పైగా తీసేసి మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా ఉంచుతారట. వేసవి సెలవులు ఇవ్వగానే చేయించుకుంటే జూన్ 12న బడి తెరిచేనాటికి తేరుకుంటానని నా లెక్క.

ఆపరేషన్ సంగతి డాక్టర్ గారు విడమరిచి చెప్పారు. నా బెంగంతా ఇంటి గురించే. మాది ఉమ్మడి కుటుంబం. అత్తమ్మ, మామయ్య, మరిది కుటుంబం, మేము, అందరి పిల్లలు. మా ఆయన రైస్ మిల్లులో గుమస్తా. అన్నం లేని పూట ఎలా ఉంటుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అత్తమ్మకు పొట్టలో చిన్న ఆపరేషన్ అని మాత్రమే చెప్పాను. ఆవిడ పిత్తాశయంలో రాళ్లు అనుకుంటున్నారు, నేనూ సరిదిద్దలేదు.

ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు అన్నం, రొట్టె మానేసి ప్రోటీన్ పొడి, మజ్జిగ, సూపులతో ఉండాలన్నారు. సరిగ్గా అప్పుడే పరీక్ష పేపర్లు దిద్దాలి. మే నెలాఖరులో ఆడపడుచు కూతురి పెళ్లి, వెళ్లక తప్పదు. ఇక జుట్టు ఊడిపోతుందని మా బడిలో ఒకావిడ అదే పనిగా భయపెడుతోంది. చేయించుకున్నవాళ్లు ఉంటే చెప్పండి. చేయించుకోవాలా వద్దా అని అడగడం లేదు. అది తేలిపోయింది.

నల్గొండ కండక్టర్:

నమస్తే టీచరమ్మా. నేను ఆర్టీసీలో కండక్టర్‌ను, నల్గొండ నుంచి హైదరాబాద్ సర్వీసు. 131 కిలోలతో ఆపరేషన్ బల్ల ఎక్కాను, ఇప్పుడు 86. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక మా బస్సులు ఎలా ఉంటున్నాయో మీకు తెలుసు. ఆ సందులో టికెట్ మిషను పట్టుకుని నేను ముందు నుంచి వెనక్కి వెళ్తుంటే జనం సీట్ల మీదికి ఒరిగిపోయేవారు. ఒకసారి ఒక పెద్దావిడ నా నడుము తగిలి, కడ్డీకి మోకాలు కొట్టుకుని కూలబడిపోయింది. మర్నాడే సెలవు పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లాను.

మీరు అడిగినవాటికి వస్తాను కానీ, ముందు అత్తమ్మకు నిజం చెప్పండి. మనవైపు మర్యాద అంటే కొసరి కొసరి వడ్డించడమే. ఆపరేషన్ అయిన మనిషి నీరసంగా కనిపిస్తే పెద్దవాళ్ల చేయి ఊరుకోదు, మెత్తగా పిసికిన పెరుగన్నం ముద్ద నోటి దాకా వస్తుంది. కుట్లు పచ్చిగా ఉన్నప్పుడు గట్టి తిండి ప్రమాదం. రాళ్ల ఆపరేషన్ అనుకున్న అత్తగారికి అది ఎలా తెలుస్తుంది?

నేను మా అమ్మను డైటీషియన్ దగ్గరికి వెంట తీసుకెళ్లాను. ఆ అమ్మాయి అరటిపండు ఆకారంలో ఉన్న కొత్త పొట్ట బొమ్మ చూపించి, ఇందులో ఎంత పడుతుందో మీరే చెప్పండమ్మా అంది. అమ్మ ఏమీ అనలేదు. ఇంటికి వచ్చి అటక మీద నుంచి మా పాప ఉగ్గుగిన్నె దింపి తోమి పెట్టింది. ఆ తర్వాత చుట్టాలు ఎవరైనా ఇంకొంచెం తిను అంటే నేను నోరు విప్పాల్సిన పని లేకపోయింది. వాడి గిన్నె అయిపోయింది, వదిలేయండి అని ఆవిడే కసిరేది. ఇంట్లో పెద్దావిడ మీ పక్షం ఉంటే సగం బరువు అక్కడే దిగుతుంది.

ముందు రెండు వారాల పథ్యం బరువు కోసం కాదు, కాలేయం కోసం. మనలాంటివాళ్లకు కొవ్వు పట్టి కాలేయం ఉబ్బి ఉంటుంది, దాని ఎడమ భాగం పొట్టను కప్పేస్తుంది. పిండి పదార్థాలు తగ్గిస్తే అది కుంచించుకుని సర్జన్‌కు చోటు దొరుకుతుంది. మొదటి మూడు నాలుగు రోజులు తలనొప్పి, ఊరికే కోపం. పేపర్లు దిద్దే పని ఆ తర్వాతి రోజులకు తోసుకోండి, లేకపోతే పిల్లల మార్కులకు మోసం. ఉప్పు వేసిన పలచటి మజ్జిగ దగ్గర ఉంచుకోండి.

ఆపరేషన్ అయ్యాక మొదట నీళ్లలాంటివి, తర్వాత పాలు, ప్రోటీన్, ఆపైన జారుగా రుబ్బినవి, ఆ తర్వాత మెత్తటివి. మామూలు తిండికి వచ్చేసరికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. ఏ వారం ఏది అన్నది మీ ఆసుపత్రి కాగితంలో ఉన్నదే ఖాయం. అన్నం వెనకబెంచీకి వెళ్తుంది. ముందు గుడ్డు, చేప, కీమా, పప్పు, చోటు మిగిలితే అన్నం. సాగర్ నుంచి వచ్చే రవ్వ, బొచ్చె చేపలు మెత్తగా ఉంటాయి, నాకు అవే పడ్డాయి. మటన్ ముక్క మాత్రం చాలా నెలలు ముట్టుకోలేదు.

కడుపు నిండిందని తెలిసే తీరు కూడా మారుతుంది. నాకైతే ముక్కు కారుతుంది. మెత్తటి గుడ్డు చెంచాతో చిదిపి తింటూ ఉంటాను, అంతా బాగానే ఉంటుంది, ఉన్నట్టుండి ముక్కులో తడి. వెంటనే ఒక ఎక్కిలి. అక్కడ చెంచా పెట్టేయాలి. ఆ పైన ఒక్క చెంచా లోపలికి వెళ్తే రొమ్ము మధ్య రాయి పెట్టినట్టు పట్టేస్తుంది, నోట్లో నురగ నురగగా ఉమ్మి ఊరుతుంది, వాష్‌బేసిన్ దగ్గర అరగంట నిలబడాలి. ఒక్కొక్కరికి ఒక్కో గుర్తు ఉంటుంది, తుమ్ము వచ్చేవాళ్లూ ఉన్నారు. మీది ఏదో కనిపెట్టుకోండి.

తిండితో పాటు నీళ్లు తాగకూడదు. తిన్నాక అరగంట ఆగాలి. మిగతా సమయమంతా గుక్కెడు గుక్కెడుగా తాగుతూనే ఉండాలి. మే నెలలో మన ఊళ్లలో 45 డిగ్రీలు కొట్టే ఎండ. గటగటా తాగడం ఇక కుదరదు కాబట్టి దాహం వేసేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం. నేను టికెట్ సంచిలో సీసా పెట్టుకుని స్టేజీ స్టేజీకి ఒక గుక్క వేసుకుంటాను. మీకు పీరియడ్ బెల్లు ఉండనే ఉంది.

ఇంకొక విషయం, దీన్ని ఎవరూ గట్టిగా చెప్పరు. మిర్చి బజ్జీ అడ్డం పడుతుంది, అందుకని దాని జోలికి వెళ్లం. టీలో ముంచిన బిస్కెట్టు, సన్న కారప్పూస, ఐస్‌క్రీము, కూల్‌డ్రింకు మాత్రం అడ్డం లేకుండా జారిపోతాయి, నిండిన సంగతే తెలియదు. చిట్యాల దగ్గర టీ కోసం బస్సు ఆగినప్పుడు నాకు అసలు పరీక్ష అదే. తగ్గిన బరువు మళ్లీ వచ్చే దారి కూడా అదే.

జనం మాటలకు సిద్ధంగా ఉండండి. లావుగా ఉన్నప్పుడు ఎవరూ ఆరోగ్యం అడగలేదు. తగ్గాక మాత్రం నా రోజువారీ ప్రయాణికులే, ఏం రోగం వచ్చింది బిడ్డా అని చెవిలో అడిగారు. నేను మరణించబోతున్నానని డిపోలో ఒకాయన నమ్మాడు కూడా.

అచ్చంపేట రైతు:

మా తాత జొన్న రొట్టె, గట్క తిని ఎనభై ఏళ్లు బతికాడు. పొలంలో దిగితే ఏ ఆపరేషనూ అక్కర్లేదు. బంగారంలాంటి పొట్టను కోయించుకోవడం ఎందుకో నాకు అర్థం కావడం లేదు టీచరమ్మా.

సూర్యాపేట మెడికల్ షాపు:

అన్నా, మీ తాతగారికి 44 బీఎంఐ ఉండి ఉండదు. అంత బరువు చేరాక శరీరమే దాన్ని పట్టుకుని కూర్చుంటుంది, తిండి తగ్గించేకొద్దీ ఆకలి పెంచుతుంది. స్లీవ్‌లో తీసేసే భాగంలోనే గ్రెలిన్ అనే ఆకలి హార్మోను ఎక్కువగా తయారవుతుంది. ఇది కేవలం పొట్ట చిన్నది చేయడం కాదు. ఆవిడ అడిగిన దానికి వద్దాం.

టీచర్ గారూ, నేను ఫార్మసిస్టును. పథ్యం మొదలుపెట్టే ముందే షుగర్ డాక్టర్ దగ్గర చీటీ మార్పించుకోండి. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ ఇన్సులిన్ గానీ పాత మోతాదులోనే వేసుకుంటూ అన్నం మానేస్తే షుగర్ దబ్బున పడిపోతుంది. ఆపరేషన్ తర్వాత మోతాదు ఇంకా తగ్గవచ్చు. అదీ డాక్టరే చెప్పాలి, మీరు సొంతంగా మానవద్దు.

రెండోది ఒళ్లు నొప్పుల మాత్రలు. మన ఉమ్మడి జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరాలకు కీళ్ల నొప్పులు మామూలే. మా కౌంటరుకు వచ్చి పేరు కూడా చెప్పకుండా, ఆ ఎర్ర మాత్ర ఇవ్వు అంటారు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి పొట్టలో పుండ్లు పెడతాయి. పొట్టకు బైపాస్ (గుండెది కాదు) చేయించుకున్నవాళ్లకు మరీ ప్రమాదం, స్లీవ్ వాళ్లు కూడా డాక్టర్‌ను అడగకుండా వాడకూడదు. పారాసెటమాల్‌తో సరిపెట్టుకోవాలి. ఏ షాపులో మందు కొన్నా ఆపరేషన్ సంగతి ముందు చెప్పండి.

బీ12, ఐరన్, కాల్షియం, డీ విటమిన్ జీవితాంతం. ఐరన్‌కూ కాల్షియానికీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి, కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి పట్టదు. మా దగ్గర మొదటి ఏడాది క్రమం తప్పకుండా కొనేవాళ్లు తర్వాత కనిపించకుండా పోతారు. కొన్నాళ్లకు అరికాళ్ల తిమ్మిరితో వస్తారు. వేగంగా బరువు తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశం ఉంటుంది, అందుకని ఆరు నెలలు ఉర్సోడియాక్సికోలిక్ యాసిడ్ రాస్తారు చాలామంది డాక్టర్లు. మీ అత్తమ్మ గారి అనుమానం కాస్త ముందుగా వచ్చింది, అంతే.

ఇంటికి వచ్చాక జ్వరం, పడుకున్నా గుండె దడదడ, ఆయాసం, ఎడమ భుజంలో నొప్పి, ఒక కాలికి మాత్రమే వాపు, ఏది పట్టినా నిలవని వాంతులు, వీటిలో ఏది కనిపించినా ఎసిడిటీ అనుకుని షాపుకు రాకండి, నేరుగా ఆపరేషన్ చేసినచోటికి ఫోను చేయండి. వాంతులు రోజుల తరబడి ఆగకపోతే బీ1 విటమిన్ పడిపోయి నరాలకే దెబ్బ. హైదరాబాద్ నుంచి మిర్యాలగూడ వచ్చేటప్పుడు గంటకోసారి కారు ఆపించి నాలుగు అడుగులు నడవండి, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా.

బీమా ఉంటే పాలసీ కాగితం తీయండి. బీఎంఐ 40 దాటితే గానీ, 35 దాటి అదుపులో లేని షుగర్, తీవ్రమైన నిద్ర జబ్బు లాంటివి ఉంటే గానీ చెల్లించే నిబంధన ఉంది. ఎదురుచూపు గడువు (వెయిటింగ్ పీరియడ్) పూర్తయిందో లేదో చూసుకోండి.

పాలమూరు వనజ:

జుట్టు ఊడుతుంది చెల్లెమ్మా, అబద్ధం చెప్పను. నాకు మూడో నెల దాటాక మొదలైంది. దువ్వెనకు, దిండుకు, పూజగది గడపకు, ఎక్కడ చూసినా వెంట్రుకలే. ఏడాది తిరిగేలోపు నుదుటి దగ్గర పిల్ల వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఒంటికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు జుట్టు అలా విశ్రాంతికి వెళ్తుందని, కుదుళ్లు చావవని డాక్టర్ చెప్పారు. నూనెలకు డబ్బు తగలేయకండి, ప్రోటీన్, ఐరన్ చూసుకోండి.

మేము శాకాహారులం. రోజుకు 60 గ్రాముల ప్రోటీన్ అంటే మొదట కళ్లు తిరిగాయి. వంద గ్రాముల పనీరులో 18, పావు లీటరు పాలలో 8, మిగతాది పొడి, సోయా, పెసరకట్టు. పనీరు చేత్తో పొడిగా నలిపి, నూనె లేకుండా పెరుగులో కలుపుకుని తినేదాన్ని. జొన్న అంబలి వడకట్టి తాగితే హాయిగా ఉండేది కానీ దానితో ప్రోటీన్ లెక్క నిండదు.

బట్టల విషయం ఎవరూ రాయలేదు, మగవాళ్లు కదా. చీర ఎలాగైనా సర్దుకుంటుంది, జాకెట్టు సర్దుకోదు. కొత్తవి కుట్టించకండి, ఉన్నవాటినే లోపలికి కుట్లు వేయించుకుంటూ పోండి. మెట్టెలు, ఉంగరాలు ముందే తీసి దాచండి. నా మెట్టె ఒకటి బతుకమ్మ ఆడుతూ చెరువు కట్ట మీద పడిపోయింది, ఇప్పటికీ దొరకలేదు. బరువు తగ్గాక గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది, కానీ ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా ఆగాలి. మీకు అవసరం లేకపోయినా ఇది చదివేవాళ్లు ఇంకెవరైనా ఉంటారు.

మిర్యాలగూడ టీచర్:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి అత్తమ్మకు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆవిడ అడిగిన మొదటి మాట: మరి తొలి ఏకాదశి ఉపవాసం ఎలా చేస్తావు? వచ్చే గురువారం డైటీషియన్ దగ్గరికి ఆవిడ కూడా వస్తున్నారు. మా ఆయనకే ఇంకా నమ్మకం కుదరలేదు, అన్నం లేకుండా మనిషి ఎలా నిలబడతాడని. పెళ్లి సంగతి ఎవరూ చెప్పలేదు. అప్పటికి నాలుగు వారాలు అవుతుంది, బంతిలో కూర్చోకపోతే ఆడపడుచు నొచ్చుకుంటుంది.

నల్గొండ కండక్టర్:

ఈ ఏడాది ఉపవాసం వద్దు టీచరమ్మా, జూలై నాటికి ఇంకా మూడు నెలలు కూడా నిండవు. దేవుడికి అత్తమ్మనే చెప్పమనండి.

పెళ్లికి మీ డబ్బా మీరు తీసుకెళ్లండి, బయలుదేరే ముందు ఇంట్లోనే తినండి. బంతిలో కూర్చుంటే బగారా అన్నం ఆకులో పడుతుంది, వద్దంటే అలక, వదిలేస్తే ఇంకా అలక. అందుకని చదివింపులు రాసే బల్ల అడిగి తీసుకోండి. మీ చేతిరాత బాగుంటుంది కాబట్టి ఎవరూ కాదనరు. డబ్బు, పుస్తకం చేతిలో ఉన్న మనిషిని భోజనానికి లేపడానికి ఎవరూ సాహసించరు. నీళ్ల సీసా బల్ల కింద పెట్టుకోండి. ముహూర్తం ఎన్ని గంటలకో చెప్తే మధ్యలో ఏ వేళకు ఏది తాగాలో రాసి పంపిస్తాను.