రెటీనా ఫొటోల్లో సన్న రక్తనాళాలు మోడల్‌కి దొరకట్లేదు, ఎక్కడ పొరపాటు?

ప్రశ్న:
డ్రైవ్ డేటాసెట్ (మనుషులు నాళాలు గీసిపెట్టిన రెటీనా ఫొటోలు) మీద యు-నెట్ (ఏ పిక్సెల్ నాళమో, ఏది కాదో గుర్తించే న్యూరల్ నెట్‌వర్క్) ట్రైన్ చేస్తున్నానండీ. ట్రైనింగ్‌కి ఉన్నవి 20 ఫొటోలే కాబట్టి వాటినే అటూ ఇటూ తిప్పి సంఖ్య పెంచుకున్నాను. యాక్యురసీ 95 శాతం దాకా వస్తోంది, కానీ అవుట్‌పుట్ తెరిచి చూస్తే ఆప్టిక్ డిస్క్ (కంటి నరం రెటీనాని కలిసే చోటు) దగ్గర మొదలయ్యే లావు నాళాలు మాత్రమే బాగున్నాయి, మాక్యులా (రెటీనా మధ్య భాగం) వైపు వెళ్లే సన్న కొమ్మలు తెగిపోయి చుక్కల్లా మిగులుతున్నాయి. ఫొటోలు 256×256కి కుదించి, మూడు కలర్ చానెళ్లూ ఇస్తున్నాను. వారం నుంచి లెర్నింగ్ రేటు (మోడల్ ఒక్కో అడుగులో ఎంత మారాలో చెప్పే సంఖ్య) మారుస్తూనే ఉన్నా, ఏం తేడా లేదు. టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
లెర్నింగ్ రేటు వదిలేయండి, ముందు ఆ కుదించడం ఆపండి. అసలు ఫొటో 565×584, అందులోనే చివరి కొమ్మల వెడల్పు ఒకటి రెండు పిక్సెళ్లు. సగానికి పైగా తగ్గిస్తే అవి పక్క పిక్సెళ్లలో కలిసిపోతాయి, ఇక మోడల్ నేర్చుకోవడానికి ఏం మిగిలింది? ఫొటోని అసలు సైజులోనే ఉంచి 64×64 ముక్కలుగా కోసి ఇవ్వండి. గ్రీన్ చానెల్ ఒక్కటే ఇచ్చి కూడా చూడండి. హిమోగ్లోబిన్ పచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది కాబట్టి నాళాలు అందులోనే నల్లగా తేలతాయి.

జవాబు 2:
పైన చెప్పింది కరెక్టే, కానీ ఆ 95ని నమ్మకండి. రెటీనా కనిపించే గుండ్రటి భాగంలో నాళాలు దాదాపు ఎనిమిదో వంతు పిక్సెళ్లే, అంటే ఒక్క నాళం కూడా పట్టుకోకుండా అంతా బ్యాక్‌గ్రౌండే అని చెప్పినా 87 దాకా వచ్చేస్తుంది. ఆ గుండ్రటి భాగం బయట ఉన్న నల్ల అంచుని కూడా లెక్కలో వేసుకుంటే ఇంకా పెరుగుతుంది, మాస్క్ (ఏ పిక్సెళ్లు లెక్కలోకి రావాలో చూపే ఫొటో) వాడి దాన్ని తీసేయండి. చూడాల్సింది సెన్సిటివిటీ (అసలు నాళం పిక్సెళ్లలో ఎన్నింటిని మోడల్ పట్టుకుంది), డైస్ (మోడల్ గీసింది, అసలుది ఎంత కలుస్తున్నాయి). లాస్‌లో (ట్రైనింగ్‌లో మోడల్ తగ్గించుకోవాల్సిన తప్పుల లెక్క) కూడా డైస్ కలపండి.

జవాబు 3:
ఇంకోటి. లావు నాళాల మధ్యలో వెలుగు పడి తెల్లటి గీత కనిపిస్తుంది, దానివల్ల ఒక నాళాన్ని మోడల్ రెండుగా గీసే అవకాశం ఉంది. ముక్కలు మరీ చిన్నవి చేస్తే ఇది ఎక్కువవుతుంది. అలాగే టెస్ట్ ఫొటోలకి ఇద్దరు మనుషులు విడివిడిగా గీసిన నాళాల చిత్రాలు ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి, సన్న కొమ్మల చివర్ల దగ్గర వాళ్లిద్దరి గీతలే ఒకదానితో ఒకటి కలవలేదు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ అందరికీ. మీరు చెప్పాక లేబుల్ ఫొటో (మనుషులు నాళాలు గీసినది) ఒకటి 256కి కుదించి జూమ్ చేసి చూశాను. లేబుల్‌లోనే ఆ కొమ్మలు చుక్కలు చుక్కలుగా ఉన్నాయి. 64×64 ముక్కలతో ఇప్పుడే మళ్లీ ట్రైనింగ్ పెట్టాను.