కోరల్ బ్యూటీ మూడో రోజుకే పోయింది, మన వరంగల్ల ఉప్పునీళ్ల ఏంజెల్ చేప బతుకదా?

హన్మకొండ_సాల్ట్:
అన్నలు అక్కలు జర చెప్పున్రి. నాది 3 అడుగుల ట్యాంకు, లెక్కకు 190 లీటర్లు, పెట్టి రెండు నెలలైంది, అమోనియా సున్న, నైట్రైట్ సున్న, రెండు క్లౌన్ చేపలు మంచిగనే తిరుగుతున్నయి. మొన్న కోరల్ బ్యూటీ అనే చిన్న ఏంజెల్ చేపను తెప్పించిన, చెన్నైల ప్యాక్ అయ్యి హైదరాబాద్ మీదికెళ్లి బస్సు పార్సిల్ల వచ్చేసరికి 26 గంటలు పట్టింది. కవర్ విప్పి సన్న పైపుతోని చుక్క చుక్క రెండున్నర గంటలు నా ట్యాంకు నీళ్లు కలిపిన, వీడియోలల్ల అట్లనే చెప్తరు కదా. వదిలినంక రాళ్ల సందుల దూరింది, మొప్పలు దబదబ కొట్టుకునుడు, తిండి ముట్టలే, మూడో రోజు పొద్దుగాల చూస్తే పోయింది. ఎంపరర్ ఏంజెల్ గట్టిదంటున్నరు, పిల్ల దొరుకుతుందట, తీసుకోవాల్నా?

కరీంనగర్_చేపలపిచ్చి:
ఎంపరర్ జోలికి పోకు తమ్మీ. పిల్లప్పుడు నీలం ఒంటి మీద తెల్ల చుట్లు చూసి నేను గూడ ఆగలేక తెచ్చిన. అది పెద్దగైతే పసుపు, నీలం చారలొస్తయి, 40 సెంటీమీటర్ల దాక పెరుగుతది. నా 4 అడుగుల ట్యాంకుల మళ్లుడు కష్టమై పెద్ద ట్యాంకు ఉన్నాయనకు ఇచ్చేసిన, ఇచ్చిన రోజు అన్నం సయించలే.

కాజీపేట_అక్క:
తమ్మీ, నీ చేప కవర్ విప్పినప్పుడే దెబ్బ తిన్నదనిపిస్తుంది. 26 గంటలు మూసిన కవర్ల చేప ఇడిసిన కార్బన్ డయాక్సైడ్‌తోని పీహెచ్ పడిపోతది, అందుకే అమోనియా జమైనా అంతగ విషం కాదు. కవర్ విప్పంగనే ఆ గ్యాస్ పోతది, పీహెచ్ లేస్తది, అదే అమోనియా విషమైతది. నువ్వేమో అండ్లనే రెండున్నర గంటలు ఉంచినవ్. దూరం నుంచి వచ్చిన చేపకు కవర్ మూసే ఉంచి వేడి సమానం చేసి, విప్పినంక లేటు చెయ్యకుండ చేపను మాత్రమే తియ్యాలె, ఆ నీళ్లు పారబొయ్యాలె. మరి దుకాణపోళ్ల ఉప్పు ఎంతుండె, అడిగినవా?

హన్మకొండ_సాల్ట్:
ఇప్పుడే ఫోన్ చేసిన అక్కా. వాళ్లది ఉప్పు లెక్క (నీళ్ల సాంద్రత) 1.019 అంట. నాది 1.025.

కాజీపేట_అక్క:
చూసినవా మరి, ఎంత తేడానో. చేపల మీది పురుగులు తగ్గాలని చాన దుకాణాలల్ల ఉప్పు తక్కువ పెడతరు. ఈసారి ముందే అడుగు, ఓ 60 లీటర్ల టబ్బుల 1.019 నీళ్లే కలిపి పెట్టుకో, స్పాంజ్ ఫిల్టర్, దాక్కోనీకి రెండు పీవీసీ పైపు ముక్కలు ఎయ్యి. చేపను సీదా అండ్ల ఇడిసి రోజుకింత ఉప్పు పెంచుకుంట పో, నాలుగైదు వారాలు ఆన్నే ఉంచు.

ఖని_ట్యాంకోడు:
నేనైతే క్వారంటైన్ గిట్ల ఎన్నడు చెయ్యలే, నా ఫ్లేమ్ ఏంజెల్ రెండేండ్ల సంది ఉంది. నాకు పరేషాన్ అంత ఎండతోనే. మా రామగుండం దిక్కు మే నెల మీకు తెల్సు కదా, నీళ్లు 32 డిగ్రీలు దాటినయి, నీళ్లు చల్లబరిచే చిల్లర్ కొనే తాహతు లేక మూత తీసి ఫ్యాన్లు కొట్టిస్తే 29కి దిగింది గని బకెట్ల కొద్ది ఆవిరైతుండె. నేను తెలివితక్కువ ఉప్పునీళ్లే పోసుకుంట పోయిన. ఉప్పు ఆవిరైతదా? వారంల మీటర్ చూస్తే గుండె ఆగింది. ఉప్పు లేని ఆర్వో (RO ఫిల్టర్) నీళ్లే పొయ్యాలె.

కరీంనగర్_చేపలపిచ్చి:
అన్నా నీ నసీబు మంచిగుంది. నాకు తెల్లమచ్చ రోగం ఒక్కసారి వచ్చి ట్యాంకంత అంటుకుంది, కోరల్స్ (పగడాలు) ఉన్నయని రాగి మందు ఎయ్యరాదు, చేపలన్నిటిని బయటికి తీసి రెండున్నర నెలలు ట్యాంకు ఖాళీగ ఉంచిన. చిన్న ఏంజెల్స్‌కు రాగి మందు ఎక్కువైనా పడదు, మందు కొలిచే కిట్ లేకుంటే ముట్టుకోకు. ఇంగోటి, కోరల్ బ్యూటీ రోజంత రాళ్ల మీది నాచు గీక్కుంట తింటది, రెండు నెలల ట్యాంకుల అదేం దొరుకుతది? ఆర్నెల్లన్నా ఆగు. తినకుంటే పచ్చి రొయ్య సన్నగ తరిగి రాయికి రుద్దు, మసాలా లేని నోరి ఆకు (ఎండిన సముద్రపు నాచు) క్లిప్పుకు పెట్టు, నా దగ్గర గట్లనే తినుడు మొదలు పెట్టింది.

హన్మకొండ_సాల్ట్:
సరే, ఎంపరర్ క్యాన్సిల్. వానలు పడ్డంక మళ్ల కోరల్ బ్యూటీనే చెప్త. టబ్బు ఇప్పుడే కొనుక్కొచ్చి ఉప్పునీళ్లు కలిపి బాల్కనీల పెట్టి చూస్తున్న, మా అమ్మ మామిడికాయలు ఊరేసుడు మొదలు పెట్టిన్నేమో అనుకుని కాయలు ఏవిరా అంటుంది.

కాజీపేట_అక్క:
బాల్కనీల ఎందుకురా, ఎండకు ఉడుకుతది. లోపల పెట్టు.